షౌకు రేటు, పొట్ట రేటు

రామ్‌కిషన్ దృష్టిలో లోకంలో ఉన్నవి రెండే జాతులు. షౌకుకు, అంటే సరదాకు, చేసేవాళ్లు, పొట్టకు చేసేవాళ్లు. ఎవరు ఎదురుపడినా నమస్తే కంటే ముందు ఆయన నోట్లోంచి ఊడిపడే మాట ఒక్కటే: "షౌకా, పొట్టా?" ఆ జవాబును బట్టే రేటు, ఆ జవాబును బట్టే మర్యాద. ఆయన దుకాణంలో కుర్చీలు కూడా ఆ ప్రకారమే. షౌకువాళ్లకు కాలు విరిగిన ప్లాస్టిక్ స్టూలు, పొట్టవాళ్లకు మెత్త కుర్చీ. జహీరాబాద్‌లో పిచ్చివాళ్లకు కొదవేమీ లేదు గానీ, తన పిచ్చికి ఇంత పద్ధతి పెట్టుకున్నవాణ్ని తారాబాయి ఇంకొకణ్ని చూడలేదు.

తారాబాయిది ఆ దుకాణం పక్కనే జొన్నరొట్టెల పొయ్యి. చదువు రెండో తరగతితో ఆగింది గానీ నోరు ఎక్కడా ఆగలేదు. రామ్‌కిషన్ పని పెళ్లి వీడియోల మిక్సింగ్. అంటే, కెమెరాతో తీసిన ముక్కలన్నీ కంప్యూటర్లో అతికించి, పాటలు పెట్టి, పెళ్లికూతురి మొహం చుట్టూ గులాబీలు తిప్పడం. తారాబాయి మాటల్లో చెప్పాలంటే, మనుషులు ఏడుస్తున్న చోట వయొలిన్ వాయించే పని.

ఆమె కళ్లారా చూసిన కొట్లాట ఒకటుంది. మొగుడంపల్లి దిక్కు భూములున్న ఇంద్రసేన పటేలు ఒకనాడు కారు దిగి ధుమధుమలాడుతూ దుకాణంలోకి వచ్చాడు. కూర్చోబోతుంటే రామ్‌కిషన్ మెత్త కుర్చీని కాలితో వెనక్కి లాగి, స్టూలు ముందుకు తోశాడు.

"ఏందిది రామ్‌కిషన్? మా ఫామ్‌హౌస్ గేటు వీడియోకు గింత రేటా? రాయికోడ్ బ్యాండు ఈరయ్యకు ఇదే కెమెరాతోని తీసిచ్చినవ్, ఇదే కంప్యూటర్ల చేసిచ్చినవ్. ఆయన తాన ఇందుల సగం గూడ తీస్కోలేదంట!"

"ఈరయ్యది పొట్ట, పటేలా. ఆ వీడియో చూసి నలుగురు బ్యాండు మాట్లాడుకుంటరు. మీ గేటు చూసి ఎవలేం మాట్లాడుకుంటరు?"

"నాకు మాత్రం పొట్ట లేదా?" అంటూ పటేలు చొక్కా మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఉన్నది. కనవడుతనే ఉన్నది. గేటు పెట్టకముందు నుంచే నిండి ఉన్నది."

బయట రొట్టెలు తింటున్న లారీ డ్రైవర్లకు పొలమారింది. పటేలు మొహం ఎర్రబడింది.

"నేను ఇంకోని తాన చేయించుకుంట!"

"మంచిగ చేయించుకోండ్రి. వాడు మీ గేటు చుట్టూ గులాబీలు తిప్పుతడు. ఫ్రీగ తిప్పుతడు."

పటేలు విసురుగా వెళ్లి కారులో కూర్చున్నాడు. కారు కదల్లేదు. గేటు చుట్టూ గులాబీలు కళ్ల ముందు తిరిగాయో ఏమో, కాసేపటికి తలుపు తెరుచుకుంది. వచ్చి, షౌకు రేటు మొత్తం బల్ల మీద పెట్టి, "గులాబీలు మాత్రం వద్దు" అని వెళ్లిపోయాడు.

ఒక్క పటేలుతో ఆగిపోతే అది వ్యాపారం అనుకోవచ్చు. రామ్‌కిషన్ ఎక్కడా ఆగడు. పన్ను నొప్పితో దవాఖానకు పోయి, దవడ పట్టుకుని మూలుగుతూనే డాక్టరుతో వాదన పెట్టుకున్నాడు. తన పన్ను తినడానికి ఉన్నది కాబట్టి తగ్గించాలట, నవ్వితే మెరవాలని బంగారు పన్ను కట్టించుకునేవాడి దగ్గర ఆ తేడా రాబట్టుకోవాలట. బస్సెక్కితే కండక్టరుతో గొడవ. పనికి పోయేవాడికి సగం టికెట్టు, బామ్మర్ది ఇంటికి పోయేవాడికి టికెట్టున్నర. కండక్టరు ఆయన్ని చిరాగ్‌పల్లి దగ్గర దింపేశాడు. ఎర్రటి ఎండలో ఇంటిదాకా నడిచి వచ్చి, "వాడు షౌకు కండక్టరు" అని తేల్చాడు.

చర్చిలో పిల్లల నాటకం వీడియో కోసం పాస్టర్ వెస్లీ వస్తే ఆయన్నీ వదల్లేదు.

"షౌకా, పొట్టా?"

"దేవుని పని, బ్రదర్."

రామ్‌కిషన్‌కు ఇన్నేళ్లలో మూడో జాతి తగలడం అదే మొదలు. గడ్డం గోక్కుని, ఫ్యాను చూసి, చివరికి "ఇటు సగం, అటు సగం" అన్నాడు. పాస్టర్ గారిని కూర్చోబెట్టకుండా నిలబెట్టే పంపించాడు, ఏ కుర్చీ వెయ్యాలో తేలలేదు కాబట్టి.

తారాబాయి రొట్టెను కూడా ఈ రోగం తాకింది. "అక్కా, లారీ దిగి తినేటోనిది పొట్ట. కారు దిగి, రొట్టెకు ఫోటో తీసి, 'ఆర్గానిక్' అనేటోనిది షౌకు. ఇద్దరికీ ఒకటే రేటు పెడ్తవా? పాపం తగుల్తది."

"నా రొట్టె, నా రేటు. నువ్వు ముందు నీ స్టూలుకు కాలు పెట్టించుకో పో!" అని తారాబాయి అట్లకాడ చూపించింది. ఆ మరుసటి వారం నుంచి కారువాళ్లకు ఆమె రేటు మెల్లగా పెరిగిన మాట నిజమే. అది జొన్నల ధర పెరగడం వల్ల. రామ్‌కిషన్ మాట విని తారాబాయి ఒక పని చేసిందని ఎవరైనా అంటే, వాళ్లకు పొయ్యి దగ్గర మంచినీళ్లు కూడా పుట్టవు.

ఇంత రేట్ల పండితుడికీ రేటు చెప్పేవాడొకడు ఉన్నాడు. మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ. ఊళ్లో మిగతా మిక్సింగ్ దుకాణాలన్నీ దొంగ కాపీలతో నడుస్తాయి. రామ్‌కిషన్ ఒక్కడే డబ్బు కట్టి వాడతాడు. "పొట్ట పోసే పనిముట్టును దొంగతనం చేస్తమా అక్కా?" అంటాడు. వెనకటి రోజుల్లో ఒకేసారి డబ్బు కడితే కంపెనీ డాంగల్ అని వేలెడంత తాళంచెవి ఒకటి ఇచ్చేది. దాన్ని కంప్యూటర్‌కు గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది. ఆ డాంగల్‌ను రామ్‌కిషన్ నల్లదారానికి కట్టి తాయెత్తులాగా మెళ్లో వేసుకుని తిరిగేవాడు. కంపెనీ ఆ పద్ధతి ఎత్తేసి నెలనెలా కిరాయి పెట్టింది. తాళంచెవి ఎందుకూ పనికిరాకుండా పోయింది. అయినా మెళ్లోంచి దిగలేదు.

కిరాయి పెట్టినందుకు ఆయనకు అంత కోపం రాలేదు. కిరాయిల్లో రెండు రకాలు పెట్టారు, అక్కడ రేగింది. హాబీవాళ్లకు చాలా తక్కువ, ప్రొఫెషనల్ అనే పనివాళ్లకు దానికి ఎన్నో రెట్లు. అంటే రామ్‌కిషన్ శాస్త్రానికి సరిగ్గా తలకిందులు. ఆ రోజు ఆయన ఫోనును స్పీకర్ మీద పెట్టి బజారంతా వినేలా కొట్లాడాడు. ఆయన ఎప్పుడూ స్పీకర్ మీదే మాట్లాడతాడు, తీర్పు చెప్పడానికి నలుగురుండాలని.

"చూడు బిడ్డా. కొడవలి కొననీకి ఇద్దరొచ్చిన్రు. ఒకడు పంట కోసుకుంటడు. ఒకడు హోటల్ల గోడకు తగిలిస్తడు, పల్లెటూరి అందం అని. కోసుకునేటోనికి ఎక్కువ చెప్పి, తగిలించేటోనికి తక్కువ చెప్తవా?"

"సార్, మీరు దాంతో సంపాదిస్తున్నారు కదా సార్. అందుకే ప్రొఫెషనల్ ప్లాన్."

"సంపాదిస్తలేను బిడ్డా, తింటున్న!"

"ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి సార్." తర్వాత పాట మొదలైంది. మీ కాల్ మాకు చాలా ముఖ్యమని మిషను చెప్పింది. "ముఖ్యమైతే ఎత్తు!" అని రామ్‌కిషన్ మిషనుతో కూడా ఒక ఆట ఆడుకున్నాడు. చివరికి ఆ అమ్మాయి తిరిగొచ్చి, చాలా మర్యాదగా, కత్తి దించింది. "సార్, మీరు ఈ మధ్య సాఫ్ట్‌వేర్ వాడింది చాలా తక్కువ. మీకు హాబీ ప్లాన్ సరిపోతుంది సార్."

రామ్‌కిషన్ ఫోను పెట్టేశాడు. ఆ మధ్యాహ్నం రొట్టె ముట్టలేదు.

"నన్ను హాబీ అన్నది అక్కా!"

"ఉన్నమాటే అన్నది," అంది తారాబాయి, పిండి తడుతూ. "పెండ్లిల్లకు అందరు ఫోన్లే ఎత్తుతున్నరు. నీ దుకాణంల ఈగలు తప్ప ఎవలున్నరు? ఆ ఈగలను అడిగినవా, షౌకా పొట్టా అని?"

అయినా ఆయన ప్రొఫెషనల్ కిరాయే కట్టాడు. పాత కస్టమరని కంపెనీ ఆయనకు మాత్రం పాత రేటే ఉంచింది. కొత్తగా చేరేవాళ్లు కట్టాల్సిన రేటు వింటేనే జ్వరమొచ్చేది. పని లేకపోయినా పరువుకు కిరాయి కట్టే మనిషిని చూసి తారాబాయి నవ్వని రోజు లేదు.

ఇంతలో ఆ జబ్బు తారాబాయి ఇంట్లోకే వచ్చింది. కోడలు సుమిత్రకు మిక్సింగ్ మీద మనసు పడింది. మొదట ఫోనులో నేర్చింది, తర్వాత ఎవరిదో పాత కంప్యూటర్ తెచ్చుకుంది. ఒకరోజు రామ్‌కిషన్ దుకాణంలో ఏదో సందేహం అడగబోతే, ఆయన అడిగేది ఆయన అడిగాడు.

"షౌకా, పొట్టా బిడ్డా?"

సుమిత్ర ఓరకంట అత్తను చూసింది. "షౌకే, కాకా."

"షౌకే!" అంది తారాబాయి. "ఇంట్ల అంట్లున్నయ్, అవి షౌకో పొట్టో జర అడుగు!"

రామ్‌కిషన్ సుమిత్రకు స్టూలు చూపించాడు.

ఆ తర్వాత కొడుకు విజయ్‌కి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని ఆగిపోయింది. అప్పుడు సుమిత్ర, ఎవరినీ అడక్కుండా, మొగుడంపల్లిలో ఒక పెళ్లి వీడియో పని పట్టింది. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు కంప్యూటర్ కూడా అదే ప్రశ్న అడిగింది: హాబీనా, వృత్తా? సుమిత్ర చేతిలో ఉన్న డబ్బుకు అందేది హాబీయే, అదే నొక్కింది. పగలంతా పొలం పనికి పోయినట్టు కంప్యూటర్ ముందు కూర్చుని వీడియో తయారు చేసింది. అది బాగుంటే అదే ఇంటి చుట్టాల్లో ఇంకో రెండు పెళ్లిళ్లు ఆమెకే ఇస్తామన్నారు. విజయ్ ఖాళీగా ఉన్న ఇంట్లో ఆ రెండు పెళ్లిళ్లే పొయ్యి వెలిగించాలి. తారాబాయి పైకి సణిగింది గానీ, వీడియో చూపించే రోజు గంజి పెట్టిన చీర కట్టుకుని కోడలి వెంట బయల్దేరింది.

వాకిట్లో పెద్ద టీవీ పెట్టారు. చుట్టాలంతా చాపల మీద సర్దుకున్నారు. పాట మొదలైంది, పెళ్లికొడుకు నవ్వాడు, ఆ నవ్వు మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఇంగ్లీషు అక్షరాలు నిలబడ్డాయి. పెళ్లికూతురు వచ్చింది, ఆమె మీదా అవే. పురోహితుడి మీద, పప్పు వడ్డించేవాడి మీద, అక్షింతల పళ్లెం మీద అవే అక్షరాలు. ఇంట్లో చూసుకున్నప్పుడు లేనివి, పెన్‌డ్రైవ్‌లోకి దించేటప్పుడు వచ్చి కూర్చున్నాయి.

"ఏం రాసున్నది మామా?" అని పెళ్లికొడుకు మేనమామను అడిగారు. ఆయన రిటైరైన టీచరు. కళ్లద్దాలు సవరించుకుని, పాఠం చెప్పినట్టే చెప్పాడు: "ఇది సరదా కోసం మాత్రమే. అసలు పనికి కాదు."

సరిగ్గా అప్పుడే తాళి కట్టే ఘట్టం వచ్చింది. అక్షరాలు వచ్చి పెళ్లికొడుకు నుదుటి మీద అడ్డనామంలాగా కుదిరాయి.

"అంటే ఏంది?" అంది మూల కూర్చున్న ముసలమ్మ. "మావోడు సరదాకు కట్టిండా తాళి?"

కుర్రవాళ్లు చాపల మీద దొర్లారు. పెళ్లికొడుకు తండ్రి మాత్రం టీవీ ఆపేశాడు. "పైసలడుగకు అమ్మా. ఆ రెండు పెండ్లిల్లు గూడ మరిచిపో." సుమిత్ర పెన్‌డ్రైవ్ తీసి గుప్పిట్లో పెట్టుకుని ఆటో ఎక్కింది. ఆటోలో తారాబాయి నోరు మొదటిసారి ఆగింది. ఆటో డ్రైవరుకే భయమేసి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

మర్నాడు రామ్‌కిషన్‌కు సంగతి తెలిసింది. ఓదారుస్తాడనుకుంటే, "షౌకు స్టూలు మీద కూసోని పొట్ట పని చేస్తె గిట్లనే అయితది" అన్నాడు.

తారాబాయి లేచింది. "నీ స్టూలు తగలబడ! ఆడపిల్ల నాలుగు ముద్దలు సంపాయిద్దామంటే నీ నోట్లె మంచిమాట పుట్టదా? ఈగలు తోలేటోనివి నువ్వు ప్రొఫెషనల్వా? పో! ఇయ్యాల్టి సంది నీకు రొట్టె లేదు. ఏ రేటుకూ లేదు!"

రామ్‌కిషన్ దుకాణంలోకి వెళ్లాడు. తిట్టాల్సింది ఇంకా సగం మిగిలిపోయింది. అది కడుపులో పెట్టుకుని తారాబాయికి పొద్దు గడవలేదు. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక మిగతా సగం అప్పజెబుదామని ఆయన గుమ్మం దాకా వెళ్లింది. లోపల స్పీకర్ మోగుతోంది. మళ్లీ ఆ కంపెనీ అమ్మాయే.

"సార్, ఈ పాత రేటు కొత్తవాళ్లకు ఇవ్వడం లేదు సార్."

"గందుకే అడుగుతున్న బిడ్డా. నా దాన్నే సుమిత్ర అనే పిల్ల పేరు మీదికి మార్చు. నా రేటు ఆమెకు పోవాలె."

"మార్చవచ్చు సార్, కానీ ఒక్కసారే. తర్వాత మీకు మళ్లీ ఆ రేటు రాదు. ప్రొఫెషనల్ అయితే కొత్త రేటు కట్టాలి, లేదంటే హాబీ ప్లాన్. హాబీలో చేసిన వీడియోల మీద మా గుర్తు పడుతుంది. అమ్మడానికి లేదు."

"ఎరుకే. నిన్న మొగుడంపల్లిల అందరు చూసిన్రు. హాబీలనే ఎయ్యి."

"ఇంకొక్కటి సార్. కాల్ రికార్డ్ అవుతోంది, మీ నోటితోనే చెప్పాలి. ఇకముందు మీరు ఈ పని వృత్తిగా చేస్తారా, హాబీగా చేస్తారా?"

జహీరాబాద్‌లో అడుగు పెట్టిన ప్రతి మనిషినీ రామ్‌కిషన్ అడిగిన ప్రశ్న, తిరిగి తిరిగి ఆయన గుమ్మానికే వచ్చింది. గుమ్మంలో తారాబాయి చెవి ఇంకాస్త ముందుకు పెట్టింది. లోపల రామ్‌కిషన్ మెళ్లో డాంగల్‌ను వేళ్లతో తిప్పుతున్నాడు.

"షౌకు," అన్నాడు.

"సార్?"

"షౌకు బిడ్డా, షౌకు! హాబీ! రాసుకున్నవా?"

"రాసుకున్నాను సార్. థాంక్యూ సార్."

"ఆగు, పెట్టకు! రాసుకున్నంక ఇగ అసలు మాట విను. షౌకోని తాన తక్కువ తీస్కునుడు తప్పు. ఇగ నా తాన ఎక్కువ తీస్కో, ఆ పిల్ల తాన తగ్గియ్యి."

"అలాంటి ప్లాన్ లేదు సార్."

"లేకుంటే పెట్టుండ్రి! నాకు పెంచుమని నేనే మొత్తుకుంటుంటే మీకేం రోగం?"

మళ్లీ పాట మొదలైంది. రామ్‌కిషన్ తల తిప్పి గుమ్మంలో తారాబాయిని చూసి, దొంగలాగా ఫోను మూశాడు.

"ఎప్పటి సంది నిలవడ్డవ్ అక్కా?"

"సరిపోయేటంత సేపు నిలవడ్డ. నీకు పుర్రె గిట్ల కరాబైందా? మరి నువ్వేం తింటవ్?"

"ఎనక రెండు మల్గీలు దుకాణాలకు కిరాయికి ఇచ్చిన. పొట్ట సంగతి అవి చూసుకుంటయ్. పెండ్లికి కెమెరా నేను పడ్త, మిక్సింగ్ సుమిత్ర చేస్తది."

"పొద్దున నేను గన్ని తిడ్తుంటే ఈ మాట నోట్లెకెల్లి రాలేదా?"

"చెప్తె నువ్వు కానిస్తవా? 'మాకేం తక్కువైంది' అని నన్ను అట్లకాడతోని కొడుదువు." రామ్‌కిషన్ స్టూలు కాలు సరిచేసుకుంటున్నట్టు కిందికి వంగాడు. "ఆ పిల్ల నాడు షౌకు అన్నది గద. నువ్వు పక్కన నిలవడి ఉంటివి. షౌకోళ్లు గంత భయం భయంగ చెప్పరు అక్కా. గట్టిగ చెప్తరు, పటేలు లెక్క."

తారాబాయికి ఆ రోజు మిగిలిపోయిన సగం తిట్లు ఎవరిని తిట్టాలో తెలియలేదు. దారిన పోతున్న ఒక కుక్కను తిట్టింది.

సుమిత్ర వీడియోను మళ్లీ దించింది. ఈసారి పెళ్లికొడుకు నుదురు నుదురులాగానే ఉంది. మొగుడంపల్లివాళ్లు డబ్బూ ఇచ్చారు, ఆ రెండు పెళ్లిళ్లూ ఇచ్చారు. పెళ్లికొడుకు మాత్రం ముద్ర పడ్డ పాతది కూడా అడిగి తీసుకున్నాడు. పెళ్లాంతో పేచీ వచ్చినప్పుడల్లా చూపించుకుంటున్నాడని వినికిడి.

ఇప్పుడు దుకాణంలో మెత్త కుర్చీ మీద సుమిత్ర కూర్చుంటుంది. స్టూలు మీద రామ్‌కిషన్, ఒక పక్కకు ఒరిగి. పని లేనప్పుడు తన షౌకు వీడియోలు తను చేసుకుంటాడు. మొన్న తారాబాయి పొయ్యి పొగ తీసి, దాని చుట్టూ గులాబీలు తిప్పి, మీద ముద్రతో సహా బజారంతా చూపించాడు. అంత దరిద్రపు వీడియో తారాబాయి పుట్టి బుద్ధెరిగి చూడలేదు. రెండుసార్లు చూసి మరీ ఆ మాట చెప్పింది.

ఆ మధ్యాహ్నం ఆయన రొట్టెకు వచ్చాడు. తారాబాయి పొంగిన రొట్టె ఏరి ఆకులో వేసి, అడగని వెల్లుల్లి కారం కూడా పెట్టి ఇచ్చింది. డబ్బు తీసుకోవడానికి చెయ్యి చాపనైనా లేదు. రామ్‌కిషన్ ఆకు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, మొహం ముడిచాడు.

"గిదేంది అక్కా? నీకు నీతి లేదా? నేనిప్పుడు షౌకుగాన్ని, కంపెనోళ్లే రాసుకున్నరు. కారోళ్ల తాన నువ్వు ఎంత తీస్కుంటున్నవో నాకెరుక లేదనుకున్నవా?"

"జొన్నల ధర పెరిగింది!" అంది తారాబాయి.

"పెరిగింది, పెరిగింది. రేపటి సంది నాకు గూడ గా రేటే పెట్టు. రొట్టె మాత్రం చిన్నగ చెయ్యకు."